తినని పూట ఇన్సులిన్ ఏం చేయాలి?

(రాజమండ్రిలో పిల్లులు పెంచుకునేవాళ్ళు కలిసిన ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినబడుతోందా అండీ? సరే. ముందే ఒక మాట. ఆరున్నరకి నన్ను వదిలేయాలి. ఏడింటికి మా ఇంట్లో సూది టైము.

నేను డాక్టర్ని కాను. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఇద్దరికి షుగర్. ఒకరు మావారు, రెండోది మా పిల్లి రాగి. ఆ రంగులోనే ఉంటాడు కాబట్టి ఆ పేరు. ఈ మాట చెప్పగానే అందరూ ఒకటే అడుగుతారు, "పిల్లికి షుగరేంటండీ?" అని. ఇక్కడ ఎంతమంది ఇళ్ళలో షుగర్ ఉన్న పిల్లి ఉంది? చెయ్యెత్తండి. ముగ్గురు. మిగతావాళ్ళు కూడా వినండి. మాకూ ముందు తెలియలేదు కదా.

నేను చెప్పే అంకెలు మా రాగివి. మీ పిల్లి డోసు మీ డాక్టర్ చెప్పాలి. ఇది రెండోసారి కూడా చెబుతాను, విసుక్కోకండి.

ఎలా తెలిసిందంటే, చీమలు. వాడు ఒంటికి పోసుకునే మట్టి ట్రే చుట్టూ చీమలు బారులు కట్టాయి. నేను ఫినాయిల్ వేసి కడిగాను. మర్నాడు మళ్ళీ. మావారు చూసి, "ఇది షుగర్ ఒంటేలు" అన్నారు. మధుమేహం అంటాం కదా, ఆ మాటలోనే మధువు ఉంది. అప్పటికే వాడు బాత్‌రూమ్ బకెట్లో తల పెట్టి నీళ్ళు తాగుతున్నాడు. తిండి బాగా తింటున్నాడు, ఒళ్ళు మాత్రం తగ్గిపోతోంది. ఆరు కిలోల రెండు వందలు ఉండేవాడు, నాలుగున్నరకి దిగాడు. ఇంకొకటి, వెనక కాళ్ళు. పిల్లి వేళ్ళ మీద నడుస్తుంది కదా, మడమ పైకి ఉంటుంది. వీడు మడమలు నేలకి ఆనించి, కుందేలు కూర్చున్నట్టు కాళ్ళు ఈడుస్తూ నడిచేవాడు. వయసు కదా అనుకున్నాను. వయసు కాదు, షుగర్ ఎక్కువై నరాలు దెబ్బతింటే పిల్లులు అలా నడుస్తాయట.

క్లినిక్‌లో చూస్తే 412. డాక్టర్ ఆ ఒక్క అంకె నమ్మలేదు. పిల్లి భయపడితేనే షుగర్ మూడు వందలు దాటేయగలదట. బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకెళ్ళి, కుక్కలు అరుస్తున్నచోట కూర్చోబెడితే ఎవరికి ఎక్కదు చెప్పండి? అందుకని ఫ్రక్టోసమీన్ అనే రక్తపరీక్ష చేయించారు. మనకి మూడు నెలల షుగర్ పరీక్ష ఉంది చూశారా, అలాంటిదే, కాకపోతే ఇది గడిచిన రెండు మూడు వారాలది చెబుతుంది. అదీ ఎక్కువే వచ్చింది.

ఎందుకొచ్చింది? వాడు మగపిల్లి, ఆపరేషన్ అయినవాడు, పదేళ్ళవాడు, లావు, ఇల్లు దాటి వెళ్ళడు. ఈ లక్షణాలన్నీ ఉన్న పిల్లులకే ఎక్కువ వస్తుందట. దురదకి రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా పడింది. అదీ షుగర్ని పైకి లేపుతుంది. ఇక నేను పెట్టిన తిండి. పొద్దున పాలన్నం, రాత్రి పెరుగన్నం, మధ్యలో ప్యాకెట్ గుళికలు. పిల్లి మాంసం తినే జీవి. దాని ఒళ్ళు పిండిపదార్థం కోసం తయారైంది కాదు. మనింట్లో పిల్లి అంటే పెరుగన్నం అనుకుంటాం. మా అమ్మ అదే పెట్టింది, నేనూ అదే పెట్టాను. ఆ పిల్లులు రోజంతా ఊరు తిరిగి ఎలకల్ని పట్టుకునేవి, వీడు సోఫా దిగడు. ఆ తేడా నాకు తట్టలేదు.

సరే, ఇన్సులిన్ మొదలైంది. గ్లార్జిన్ అనే రకం, పూటకి ఒక యూనిట్, పన్నెండు గంటలకోసారి. మావారు అడిగారు, మనిషి ఇన్సులిన్ పిల్లికి పనిచేస్తుందా అని. పనిచేస్తుంది. పిల్లి ఇన్సులిన్‌కీ ఆవు ఇన్సులిన్‌కీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ఇన్సులిన్ గొలుసులో ఒక్క పూస అనుకోండి, మనిషిదానికి నాలుగు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇన్సులిన్ తీసినప్పుడు మొదట పరీక్షించింది కుక్కల మీదే. మావారు రోజూ వేసుకునే మందు జంతువుల ద్వారా మన దగ్గరికి వచ్చిందే. మూగజీవానికి ఇంత ఖర్చేంటని ఎవరైనా అంటే నాకు ఆ టొరంటో కుక్కలు గుర్తొస్తాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఇది మీరు తప్పకుండా వినాలి. మన మందుల షాపులో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకొకటి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజరంగు మూత సిరంజి. మావారిది 40, రాగిది 100. ఒకరోజు పొద్దున కరెంటు లేదు, చీకట్లో ఫ్రిజ్ తలుపు తీసి ఎర్ర మూతది పట్టుకున్నాను. దానితో రాగి ఇన్సులిన్‌ని ఒక యూనిట్ గీత దాకా లాగాను. లాగిన నీళ్ళు ఎందుకో ఎక్కువగా కనబడ్డాయి. కిటికీ దగ్గరికెళ్ళి చూసుకుంటే, అమ్మో. ఆ గీత దగ్గర అసలు ఉన్నది రెండున్నర యూనిట్లు. రెండున్నర రెట్లు! ఆ సూది పడి ఉంటే షుగర్ పడిపోయి పిల్లి ఫిట్స్‌లోకి వెళ్ళి ఉండేదేమో. ఆరోజు నుంచి మావారివి ఫ్రిజ్ తలుపులో, రాగివి లోపల స్టీలు డబ్బాలో. రెండూ ఒకచోట ఉండవు. మీ ఇంట్లోనూ మనిషికీ పిల్లికీ షుగర్ ఉంటే ఈరోజే వెళ్ళి విడదీసి పెట్టండి.

ఇప్పుడు నేను చెప్పడానికొచ్చిన సంగతి. 2023 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. వాడికి షుగర్ అదుపులోకి వచ్చి అయిదు నెలలైంది, మడమలు కూడా మళ్ళీ పైకి లేచాయి. ఒక సోమవారం పొద్దున సగం తిని వదిలేశాడు. రాత్రి ముట్టుకోలేదు. నేనేం చేశాను? ఇన్సులిన్ ఆపేశాను.

ఎందుకు ఆపాను? మావారు ఒకసారి ఇన్సులిన్ వేసుకుని, ఏదో ఫోన్ వచ్చి, తినడం మర్చిపోయి బాత్‌రూమ్‌లో పడిపోయారు. చెమటలు, మాట లేదు. అది నా కళ్ళ ముందు జరిగింది. తినకుండా ఇన్సులిన్ అంటే ఇప్పటికీ నాకు ఆ బాత్‌రూమే కనబడుతుంది. అందుకని తినలేదు కాబట్టి వద్దు అనుకున్నాను. మంగళవారం పొద్దునా వేయలేదు, రాత్రీ వేయలేదు. షుగర్ కూడా చూడలేదు. నీరసంగా ఉన్నాడు, రక్తం చుక్క కోసం చెవి గుచ్చడం ఎందుకులే అనుకున్నాను. డాక్టర్‌కి ఫోన్ చేయలేదు. ఇందులో ఏ ఒక్కటి చేసినా కథ వేరుగా ఉండేదేమో.

మంగళవారం రాత్రి వాంతులు. బుధవారం ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ఎండదెబ్బ అన్నారు. వాంతుల ఇంజెక్షన్ చేసి, చర్మం కింద కొంచెం సెలైన్ ఎక్కించి పంపారు. షుగర్ ఉందని చెప్పాను. మూడు పూటలుగా ఇన్సులిన్ ఆపానని మాత్రం చెప్పలేదు. అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అదే.

ఆ రాత్రి పదింటికి చూశాను. వాడు నీళ్ళగిన్నె పక్కన పడుకుని గడ్డం గిన్నె అంచు మీద ఆనించాడు. నీళ్ళు మూతికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. తాగడం లేదు. దాహం ఉంది, తాగే ఓపిక లేదు. దగ్గరగా వంగితే వాసన. గోళ్ళరంగు తుడిచే మందు ఉంటుంది చూడండి, ఆ ఘాటు. ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నాడు. ఇది ఎండదెబ్బ కాదు అనిపించింది. విశాఖపట్నంలో రాత్రంతా తెరిచి ఉండే పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ మూడు ప్రశ్నలు అడిగింది. షుగర్ ఉందా? తిని ఎన్నాళ్ళైంది? ఇన్సులిన్ చివరిసారి ఎప్పుడు వేశారు? మూడోది చెప్పగానే, "ఇప్పుడే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగకండి" అంది. దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. మా వీధిలో కారు నడిపే అబ్బాయిని లేపితే, లుంగీ కూడా మార్చుకోకుండా వచ్చాడు. తుని దాటేదాకా నా చెయ్యి రాగి పక్కటెముకల మీదే ఉంది.

అసలు లోపల ఏం జరిగింది? మన గోదావరి కాలవ లెక్కన చెబుతాను. కాలవ నిండా నీళ్ళున్నాయి. తూము మూసి ఉంది. చేను ఎండిపోతోంది. కాలవలో నీళ్ళు లేక కాదు, తూము ఎత్తే లస్కరు రాలేదు. రక్తం కాలవ, చక్కెర నీళ్ళు, ఒంట్లో కణాలు చేలు. ఇన్సులిన్ ఆ లస్కరు. చేను ఆకలి ఆకలి అని గోల పెడితే, ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటుంది. ఆ కొవ్వుని లివర్ కీటోన్లు అనే పదార్థాలుగా మారుస్తుంది. కీటోన్లు కొంచెం ఉంటే పర్లేదు, ఎక్కువైతే రక్తం ఆమ్లం అయిపోతుంది. నేను ముక్కుతో పసిగట్టిన వాసన ఆ కీటోన్లదే. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. దానికితోడు చక్కెర ఒంటేలుతో పోతూ పోతూ నీళ్ళనీ ఉప్పుల్నీ లాక్కుపోతుంది.

మరి తినకపోతే చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది? నాకూ ఇదే అర్థం కాలేదు. తిన్నా తినకపోయినా లివర్ చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది. జబ్బు చేసినప్పుడు ఇంకా ఎక్కువ చేస్తుంది. కాబట్టి తినని పిల్లికి కూడా కొంత ఇన్సులిన్ కావాలి. ఎంత అన్నది డాక్టర్ లెక్క.

విశాఖ చేరేసరికి షుగర్ 538. ఒంటేలులో కీటోన్లు మూడు ప్లస్‌లు, అంటే చాలా ఎక్కువ. స్కానింగ్‌లో తేలింది, అసలు మొదలు పాంక్రియాస్ వాపు, ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి అదే. వాడు సోమవారం తినకపోవడానికి కారణం అదీ. పిల్లి కడుపునొప్పి అని చెప్పదు కదండీ, కుక్కలా మూలగదు కూడా, తిండి మానేసి మూల కూర్చుంటుంది. షుగర్ ఉన్న పిల్లి ఇంకో జబ్బు పడితే, అది పాంక్రియాస్ కావచ్చు, ఒంటేలు ఇన్ఫెక్షన్ కావచ్చు, పంటి చీము కావచ్చు, ఆ జబ్బే దాన్ని ఇటు తోసేస్తుంది. దానికితోడు నేను ఇన్సులిన్ ఆపాను.

ముందు ఇన్సులిన్ ఇస్తారనుకున్నాను. కాదు, ముందు సెలైన్. కొన్ని గంటలు నీళ్ళు ఎక్కించాక అప్పుడు ఇన్సులిన్, అదీ త్వరగా పనిచేసే మామూలు రకం, కొంచెం కొంచెంగా. గంటగంటకీ షుగర్. మధ్యాహ్నానికి 250 దగ్గరికి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఆ డాక్టరమ్మ సెలైన్‌లో గ్లూకోజ్ కలిపింది! ఇదేంటమ్మా, షుగర్ పేషెంటుకి చక్కెర ఎక్కిస్తున్నావు అన్నాను. "ఆంటీ, మనం తరమాల్సింది షుగర్ని కాదు, కీటోన్లని. అవి పోవాలంటే ఇన్సులిన్ ఆపకూడదు. ఆపకుండా ఇవ్వాలంటే షుగర్ పడిపోకుండా చూసుకోవాలి" అంది. నా బుర్రలో అప్పటికి వెలిగింది. మూడు రోజుల క్రితం నేను చేసినదానికి ఇది సరిగ్గా తిరగేసి ఉంది.

రెండో రోజు ఇంకో భయం. వాడు మెడ ఎత్తలేకపోయాడు. కూర్చోబెడితే గడ్డం ఛాతీకి అంటుకుపోయింది, కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తున్నాడు. రక్తంలో పొటాషియం అనే ఉప్పు పడిపోయింది. అప్పటికే ఒంటేలులో పోయింది, పైగా ఇన్సులిన్ దాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోస్తుంది. సెలైన్‌లో పొటాషియం పెంచారు. ఇది ఇంట్లో చేసే పని కాదండీ, దయచేసి వినండి. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఇంట్లో సెలైన్ సీసా వేలాడదీసి కీటోఅసిడోసిస్ తగ్గించలేం.

తిండి కోసం ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా వెళ్ళి లివర్లో పేరుకుంటుంది, అదొక్కటే చంపేయగలదు. అందుకని తింటాడులే అని చూస్తూ కూర్చోరు. నేను ఇంటి నుంచి వాడి పాత తుండుగుడ్డ తీసుకెళ్ళాను, మావారు తుడుచుకునేది. దాని మీదే పడుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం, ఉప్పు లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చేప వేలికి రాసి మూతి దగ్గర పెట్టాను. చాలాసేపు వాసన చూశాడు. నాలుక బయటికొచ్చింది. ఒక్కసారి నాకాడు. గరుకుగా తగిలింది. నేను వరండాలోకొచ్చి ఏడ్చాను.

ఆరో రోజు ఇంటికి తెచ్చాం. ఖర్చు సంగతి దాచను. నా రెండు నెలల పెన్షన్ దాటింది. మా అబ్బాయి కొంత పంపాడు. మొదటి రాత్రే డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది, బతుకుతాడని మాట ఇవ్వలేను, మొదటి రెండు రోజులు చూద్దాం అని. మేం ఫోన్‌లో అబ్బాయితో అనుకున్నాం, కిడ్నీలు ఆగిపోతే మాత్రం ఇంక బాధపెట్టొద్దు, ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా పోనిద్దాం అని. ఆ మాట అనుకున్నాకే కొంచెం నిలదొక్కుకున్నాను. అంత డబ్బు లేక, అంత దూరం వెళ్ళలేక, పోనిచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉండొచ్చు. మీరు ప్రేమ తక్కువై పోనివ్వలేదు. నాకు కారు దొరికింది, మీకు దొరకలేదు, అంతే.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. డాక్టరమ్మ చేతిరాత. తినకపోతే ముందు షుగర్ చూడు. తక్కువ ఉంటే ఇన్సులిన్ వద్దు, తేనె చిగుళ్ళకి రాయి, నోట్లో పోయకు, ఫోన్ చెయ్యి. మామూలుగానో ఎక్కువగానో ఉంటే ఒంటేలులో కీటోన్ చూడు, ఫోన్ చెయ్యి. పూర్తి డోసా, సగమా, అసలు వద్దా అన్నది నీ అంతట నువ్వు తేల్చకు. కీటోన్ కనబడి తినకపోయినా, వాంతి చేసుకున్నా, అది అర్ధరాత్రైనా సరే బయల్దేరు. రెండు పూటలు వరసగా తినకపోతే కీటోన్ లేకపోయినా బయల్దేరు. మీ డాక్టర్ చేత మీ పిల్లికి ఇలాంటి కాగితం రాయించుకోండి. పిల్లి బాగున్నప్పుడే రాయించుకోండి. ఆ రాత్రి మనకి బుర్ర పనిచేయదు.

కీటోన్ చూసే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి, మనుషులవే. పిల్లి ఒంటేలు ఎలా పడతారని అడుగుతున్నారు ఆ మూల అమ్మాయి. గరిటె అమ్మా. పొడుగు కాడ సాంబారు గరిటె ఒకటి దానికే పెట్టేశాను. వాడు ట్రేలో కూర్చోగానే వెనక నుంచి మెల్లగా తోస్తాను. మొదటి వారం లేచి వెళ్ళిపోయేవాడు, ఇప్పుడు పట్టించుకోడు. ఒక సంగతి, ఆ స్ట్రిప్పు అన్ని కీటోన్లనీ పట్టదు. ఒక రకాన్నే పడుతుంది. కాబట్టి స్ట్రిప్పు రంగు మారలేదని, పిల్లి పడిపోయి ఉన్నా, ధైర్యంగా కూర్చోకండి. అలాగే మనుషుల షుగర్ మీటర్ పిల్లి రక్తాన్ని కాస్త తక్కువ చూపిస్తుంది. డాక్టర్‌కి అంకె చెప్పేటప్పుడు ఏ మీటరో కూడా చెప్పండి.

మాత్ర లేదా అని అడుగుతున్నారు. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రకి పిల్లుల కోసం అనుమతి ఇచ్చారు. కానీ అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకి అది వద్దు. దానితో షుగర్ మామూలుగా ఉండగానే కీటోన్లు ఎక్కే ప్రమాదం ఉంది. మా రాగికి అది కుదరదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

తగ్గిపోతుందా అంటే, కొన్ని పిల్లుల్లో తగ్గుతుందండీ. త్వరగా పట్టుకుని, పిండి లేని తిండి పెట్టి, ఇన్సులిన్ సరిగ్గా వేస్తే కొన్నాళ్ళకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయిన పిల్లులున్నాయి. కీటోఅసిడోసిస్ వచ్చి బతికిన పిల్లుల్లో కూడా అలా జరుగుతుంది. మావాడికి జరగలేదు. పూటకి ఒకటిన్నర యూనిట్ దగ్గర ఉన్నాడు.

ఎలా ఉన్నాడంటే, బాగున్నాడు. ఎడమ చెవి అంచున చుక్కలు చుక్కలుగా గుచ్చిన గుర్తులున్నాయి. మీటర్ సంచి జిప్పు చప్పుడు వినగానే వాడే వచ్చి స్టూలెక్కి కూర్చుంటాడు. గుచ్చాక చిన్న కోడిమాంసం ముక్క పెడతాను కదా, అదీ లెక్క. మావారు ఇంట్లోనే ఉన్నారు గానీ ఆయనకి చత్వారం, చెవి అంచు నరం కనబడదు. ఆరూ ఇరవై అయింది, పది నిమిషాలున్నాను. రెండు రంగుల సిరంజిలూ, ఆ గరిటె కూడా సంచిలో తెచ్చాను. ముందుకొచ్చి చేత్తో పట్టుకుని చూడండి. సూది మూతలు మాత్రం తీయకండి.